తొంభయ్యో రోజు

ఏటుకూరు రోడ్డులో ఏప్రిల్ వస్తే
గాలికి కూడా కారం అంటుకుంటుంది.
మిర్చి యార్డుకి రెండు గోడల అవతల మా పరిశోధనశాల.
కిటికీలు బిగించినా, ఏసీ తిరుగుతున్నా
అందరం దగ్గుతూనే ఉంటాం.
ఇక్కడ దగ్గు ఒక పలకరింపు.
ఎందుకని ఎవరూ అడగరు.

ఎలుకల గది తలుపు తీస్తే వేరే వాసన:
రంపపుపొట్టు, ఉచ్చ, మగ్గిన మేత.
ఆరో పంజరం అట్ట మీద సుభానీ గుండ్రటి రాత:
‘తొంభై రోజులు. తింటున్నాయి. బాగున్నాయి.’

బాగానే ఉన్నాయి మరి.
శీతాకాలంలో తోక నరంలోకి
నేను ఎక్కించిన సూక్ష్మజీవులు
ఇప్పుడు వాటి ప్లీహంలో కాపురం పెట్టాయి.
తొందర లేదు వాటికి.
రోజుకోసారి, ఒక్కోసారి అదీ లేక,
ఒకటి రెండవుతూ
అద్దె ఎగ్గొట్టిన వాళ్లలా నింపాదిగా
గోడలకి మేకులు కొట్టుకుంటున్నాయి.

ఇరవయ్యో రోజున
వీటి తోబుట్టువుల ప్లీహం కణాలను గిన్నెల్లో పోసి
తమ్మకాయ గింజల నుంచి తీసిన మందు ఒక్క చుక్క వేస్తే
టీ-కణాలు తిరనాళ్లలా లేచాయి.
యంత్రం లెక్క అరవై వేలు దాటింది.
ఇవాళా అదే మందు, అదే చుక్క.
లెక్క పదకొండు వందలు.

చచ్చాయేమోనని నీలం రంగు కలిపాను.
చచ్చిన కణమే నీలం తాగుతుంది.
ఇవి తాగలేదు.
బతికే ఉన్నాయి. పలకడం లేదు, అంతే.

రాత్రి తొమ్మిదింటికి ఇంకో పని చేశాను.
కణాలన్నిటినీ ప్లాస్టిక్ పళ్లెంలో రెండు గంటలు వెచ్చగా ఉంచితే
భక్షక కణాలు అడుగున కరుచుకుంటాయి.
తేలేవాటిని మాత్రం వంచుకుని
మళ్లీ అదే చుక్క.
మూడు రోజుల తర్వాత నలభై రెండు వేలు!

‘కంచే చేను మేసింది’ అని నోటుబుక్కులో రాసుకున్నాను.
తర్వాత కొట్టేశాను.
మేయలేదది. కాపలా కాసీ కాసీ
శత్రువు మీద ఊదే వాయువే
పక్కవాళ్ల గొంతులకీ అడ్డుపడింది.
ఇల్లు తగలబడకుండా ఉండటానికే
మంట ఆర్పుతోందేమో కూడా.
నాకు తెలీదు. తెలీదని రాయడానికి
మా పత్రాల్లో చోటుండదు.

మా నాయనమ్మ దిష్టి తీసి
ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసేది.
అందరం దగ్గితే నవ్వేది.
ఘాటు రాని రోజునే
ఆమె మొహం మారేది.

సుభానీ దసరా నుంచి దగ్గుతున్నాడు.
తెల్లారుజామున యార్డులో టిక్కీలు తొక్కి
ఎనిమిదింటికి ఇక్కడికొచ్చి పంజరాలు కడిగే మనిషి.
చొక్కా వదులవుతుంటే కుట్టించుకున్నాడు.
నేనే అన్నాను: ‘మిరపేగా?’
‘మిరపేనమ్మా’ అన్నాడు.
అక్కడితో అయిపోయింది.
ఎలుక ప్లీహం బరువు
మిల్లీగ్రాముల్లో చెప్పగలను నేను.

అతని రోగం మా ఎలుకలది కాదు.
మాది దూరపు చుట్టం,
మనుషుల జోలికి అంతగా రాదు.
ఇది అడిగినవాళ్లందరికీ చెప్పాను.
అడగనివాళ్లకి కూడా చెప్పాను.

గోరంట్ల ఆసుపత్రి వరండాలో
మాస్కు లోంచి నవ్వాడు:
‘మాత్రలకి ఉచ్చ కూడా మిరపరంగే వస్తందమ్మా!
యార్డు వదల్లా నన్ను.’
ఆర్నెల్లు మింగాలట.
ఊపిరి తీసుకుని అడిగాడు,
‘ఆరో పంజరానికి నీళ్లు మార్చారా?’

మార్చలేదు.
వచ్చి మార్చాను.
అట్ట మీద అతని రాత కింద తేదీ వేసి
‘తింటున్నాయి’ అని రాశాను.
రెండో మాట దగ్గర
పెన్ను ఆగింది.
పక్క గదిలో ఎవరో దగ్గారు.